ఫ్యాక్టరీ గుమ్మం తొక్కని తిండి

మా ఆయన తోటలో తాచుపాము కనిపించినా కర్ర తీసుకుని నింపాదిగా నడుస్తాడు. సూది చూస్తే మాత్రం కాళ్ళు ఆడవు. టీకా వేయించడానికి తీసుకెళితే లైన్లోంచి మాయమై, చాట్రాయి బస్సెక్కి చెల్లెలింట్లో తేలిన మనిషి. అలాంటి మనిషికి నూజివీడులో మేము చూపించుకునే డాక్టరుగారు సరిగ్గా మామిడి కోతలు మొదలయ్యే రోజుల్లో బాంబు పేల్చారు. మాత్రలతో సుగరు అదుపులోకి రావడం లేదు, మూడు నెలలు గట్టిగా పథ్యం చేసి రండి, అప్పటికీ తగ్గకపోతే ఇన్సులిన్ మొదలుపెడదాం, రోజూ మీరే పొట్ట మీద పొడుచుకోవాలి అని. మామిడిపండు వాసన కూడా చూడొద్దన్నారు. మాకున్నదేమో మామిడి తోట.

ఇంటికొచ్చాక ఆయన మంచం మీద కూర్చుని, తన పొట్ట తనే పట్టుకుని చూసుకున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అప్పుడే నేను రంగంలోకి దిగాను.

నేను ఏ పనీ సగం చెయ్యను. వారం రోజులు ఫోనులో వీడియోలు చూసి, ఒక పుస్తకం నిండా రాసుకుని, మా ఇంటికి ఒక చట్టం చేశాను. ఫ్యాక్టరీ గుమ్మం తొక్కిన తిండి మన గుమ్మం తొక్కకూడదు. పంచదార, మైదా, బొంబాయి రవ్వ, ప్యాకెట్ నూనె, బిస్కెట్లు, పాలిష్ పట్టిన బియ్యం అన్నీ ఒక్కరోజులో బయటికి వెళ్ళిపోయాయి. కొర్రలు, సామలు, దంపుడు బియ్యం, గానుగ నూనె, కల్లుప్పు లోపలికొచ్చాయి. పండు కొరికి తినాలి తప్ప రసం తీసి తాగకూడదు అనేది ఉప చట్టం.

ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు. "మరి నువ్వో?"

"నేను కూడా. మీరేం తింటే నేనూ అదే. మామిడిపండు మీకు లేకపోతే నాకూ లేదు. నేను తప్పితే మీరూ తప్పొచ్చు, ఒక్క మాట అనను."

"మాటంటే మాటేనా?"

"మాటే." చేతిలో చెయ్యేసి చెప్పాను. నా నోరే నాకు శత్రువు. ఆ రోజు 'నేను తప్పితే మీరూ తప్పొచ్చు' అనకుండా ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మొదటి నెల నేను నిప్పులా ఉన్నాను. ఆయన కొర్రన్నం ముందు కూర్చుని, నెమ్మదిగా నములుతూ, "ఇది అన్నమా, ఇంకా అవ్వలేదా?" అనేవాడు. కాఫీలో పంచదార లేదని రెండు రోజులు అలిగాడు. మూడో రోజు నుంచి ఆ కాఫీనే తాగుతూ, కషాయం ఇంకో గ్లాసు ఇవ్వమనేవాడు. నేను నవ్వేదాన్ని కాదు. పోలీసువాడు నవ్వితే దొంగ పారిపోతాడు.

ఆవకాయ రోజు అసలు గొడవ. మా ఇళ్ళల్లో ఆవకాయ కలిపిన బేసిన్ వెంటనే కడగరు. అడుగున అంటుకున్న కారం, నూనెల్లో పొగలొచ్చే తెల్లన్నం వేసి, కలిపిన చేత్తోనే అక్కడున్న అందరికీ తలో ముద్ద పెట్టాలి. ముక్కలు కొట్టినవాళ్ళకీ, ఊరికే చూడ్డానికొచ్చినవాళ్ళకీ కూడా. ఆ ముద్ద కోసమే మా ఇంటికి ఆవకాయ పనికి వస్తామనేవాళ్ళున్నారు. నేను ఆ బేసిన్లో కొర్రన్నం వేశాను.

మా తోటలో ఏళ్ళ తరబడి కాయలు కోసే ఆవిడ ఒకావిడ ఉంది. ఆ రోజు ముక్కలు కొట్టింది కూడా ఆవిడే. నేను చాచిన ముద్ద వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అమ్మగారూ, ఏమనుకోకండి. మా నాయనమ్మ తెల్లన్నం కోసం పండగ దాకా ఎదురు చూసేదంట. అన్నాళ్ళూ ఈ కొర్రలేనంట. మేం ఇప్పుడిప్పుడే తెల్లన్నంలోకి వచ్చాం. మళ్ళీ వెనక్కి తోలతారేంటండీ?"

ఆవిడ కోసం కుక్కర్లో గుప్పెడు తెల్లబియ్యం వేద్దామంటే ఇంట్లో గింజ లేదు, నేనే తోలేశాను. పక్కింటికి వెళ్ళి గిన్నెలో అన్నం అడిగి తెచ్చాను. ఫ్యాక్టరీ అన్నం నా చేతుల్లోనే నా గుమ్మం తొక్కింది. మా ఆయన గోడకానుకుని కొర్ర ముద్ద నములుతూ, "ఆవకాయ అద్దిరిందే. మధ్యలో ఇసకేదో తగులుతోంది" అన్నాడు.

ఇక నా పతనం సంగతి.

తోటలో ఎక్కువ బంగినపల్లి మామిడి, కొంత కలెక్టరు రకం. అవి వ్యాపారికి వెళ్ళిపోతాయి. ఇంటి వాడకానికని మోటారు షెడ్డు పక్కన, నలిపి రసం చీకే చిన్న రసాల రకం చెట్లు నాలుగు మాత్రం ఉంచుకున్నాం. మే నెల చివర్లో ఒక మధ్యాహ్నం కూలీలకి మజ్జిగ పట్టుకెళ్ళాను. షెడ్డు నీడలో నిలబడితే, నా ముందే, నాకోసమే అన్నట్టు ఒక పండు టప్పున రాలింది. చెట్టున పండిన రసం. తొడిమ దగ్గర తేనె రంగు సొన. చేతిలోకి తీసుకున్నాను. చూడ్డానికే తీసుకున్నాను. నా వేళ్ళు వాటంతట అవే దాన్ని నలపడం మొదలుపెట్టాయి.

నేను లా చదవలేదు కానీ ఆ రెండు నిమిషాల్లో నేను చేసిన వాదన ఏ ప్లీడరూ చెయ్యలేడు. ఇది మా చెట్టుది. ఏ ఫ్యాక్టరీ గుమ్మమూ తొక్కలేదు. తొక్కతో సహా నా చేతిలో ఉంది. సుగరు ఆయనకి, నాకు కాదు. పైగా పండు ఎలా ఉందో ఇంటివాళ్ళు ఒకరైనా చూడకపోతే చెట్టు చిన్నబోతుంది. తొడిమ ఊడదీసి నోట్లో పెట్టుకున్నాను. ఆ తరవాత వాదన అవసరం పడలేదు.

టెంక చీకి చీకి తెల్లగా అయ్యాక షెడ్డు వెనక్కి విసిరాను. మర్నాడు కూడా మజ్జిగ నేనే పట్టుకెళ్ళాను. ఆ మర్నాడు రెండు పూటలా పట్టుకెళ్ళాను. ఎండలో పనిచేసేవాళ్ళ మీద నాకింత దయ ఎప్పుడూ లేదని కోతావిడ అంది. అని, షెడ్డు వైపు ఒకసారి, నా గడ్డం వైపు ఒకసారి చూసింది.

"తుడుచుకోండమ్మగారూ. నేనేం చూళ్ళేదు."

ఇంటికెళ్ళే ముందు మోటారు దగ్గర మొహం కడుక్కునేదాన్ని. కొంగు వాసన చూసుకునేదాన్ని. పళ్ళ సందుల్లో ఇరుక్కున్న పీచుతోనే ప్రాణం పోయేది. రసాల పీచు అంత తేలిగ్గా వదలదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు పది పన్నెండు రోజులు తాగాను. అవును, తాగాను. ఉప చట్టం కూడా పోయింది.

ఆ రోజుల్లోనే విస్సన్నపేటలో మా వాళ్ళింట్లో పెళ్ళి. ఇద్దరికీ కొర్రన్నం, ఆకుకూర పప్పు క్యారేజీలో పట్టుకెళ్ళాను. బంతిలో అందరి ముందూ అరిటాకులు, మా ముందు స్టీలు గిన్నెలు. వడ్డించేవాడు పూతరేకుల పళ్ళెంతో మా దాకా వచ్చి, నా కళ్ళు చూసి, అటునుంచి అటే వెళ్ళిపోయాడు. ఎదుటి వరసలో ఒక పెద్దావిడ మా ఆయన్ని చూసి జాలిగా, "ఆపరేషన్ ఎప్పుడయింది నాయనా?" అని అడిగింది.

మర్నాడు ఉతకడానికి తీస్తే ఆయన చొక్కా జేబులో కాగితం చుట్టిన పూతరేకు ఉంది. నలిగింది కానీ కొరకలేదు. ఇంకేం, కోర్టు పెట్టాను.

"ఏంటిది?"

"వాసన చూసుకుందామని తెచ్చుకున్నా. తినలేదే, చూడు."

"ఈ రోజు వాసన, రేపు నాలిక. మూడు నెలలు నోరు కట్టుకోలేని మనిషికి సూదులే గతి. మీకోసం నేను అన్నీ మానుకుని కూర్చుంటే..." అని గంట సేపు వాయించాను. వాయిస్తున్నంత సేపూ నా దవడ పన్ను సందులో పీచు ఉంది, నాలికతో దాన్ని తడుముతూనే ఉన్నాను. ఆయన తల దించుకుని విన్నాడు. ఆ తల దించుకోవడం ఇప్పటికీ గుర్తొస్తే నామీద నాకే అసహ్యం వేస్తుంది. ఆ రోజు మాత్రం మధ్యాహ్నం మళ్ళీ మజ్జిగ పట్టుకెళ్ళాను.

జూన్‌లో వానలు పడ్డాయి, రసాలు అయిపోయాయి, నాకు షెడ్డుతో పని అయిపోయింది. దొంగతనం దానంతటదే ఆగిపోతే, నేనే మానుకున్నట్టు గర్వపడ్డాను కూడా.

నెలాఖరులో ఒక సాయంత్రం ఆయన తోట నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాడు.

"ఒక సందేహమే. రసం పండు తింటామా, తాగుతామా?"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు మూతి తుడుచుకున్నాను. "ఇప్పుడెందుకా గొడవ? సీజనే అయిపోయింది."

"ఊరికే. చట్టం తెలుసుకుందామని."

"ఏదైనా మీకు లేదు, నాకు లేదు. తినండి."

ఆయన నవ్వి, కొర్రన్నం తిన్నాడు. ఏ వంకా పెట్టలేదు. మర్నాటి నుంచి ఇసక అనలేదు, కషాయం అనలేదు. పొద్దున్నే నేను లేపకుండానే నడకకి వెళ్ళడం మొదలుపెట్టాడు. నా క్రమశిక్షణ ఫలించిందని ఫోనులో మా అక్కకి గొప్పగా చెప్పుకున్నాను.

జులైలో నూజివీడు వెళ్ళాం. రక్తం తీస్తున్నప్పుడు ఆయన మొహం అటు తిప్పుకుని నా చెయ్యి ఎముకలు నలిగేలా పట్టుకున్నాడు. రిపోర్టు చూసి డాక్టరుగారు కళ్ళజోడు తీసి, బాగా తగ్గింది, ఇలాగే ఉండండి, సూది అక్కర్లేదు అన్నారు. నేను అక్కడే కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను. డాక్టరుగారు నాకేసి చూసి, "ఇదంతా అమ్మగారి గొప్పతనమే" అన్నారు. మా ఆయన, "అవునండీ, ఆవిడ చాలా త్యాగం చేసింది" అన్నాడు. దొంగకి తేలు కుట్టినట్టు రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

తిరుగు దారిలో బండి ఇంటి వైపు కాకుండా తోట వైపు తిప్పాడు. మోటారు షెడ్డు దగ్గర ఆపి, "రా, ఒకటి చూపిస్తా" అన్నాడు.

షెడ్డు వెనక ముళ్ళకంప దడి. అంతకు ముందు అక్కడ దడి లేదు. దడి లోపల, గోడ వారన, జానెడేసి మామిడి మొక్కలు. లేత రాగి రంగు ఆకులు వేలాడేసుకుని గుంపుగా నిలబడి ఉన్నాయి. ఒక్కో మొక్క కిందా నేను చీకి విసిరిన టెంక. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మామిడి తోటలోనే ఉన్నాను. టెంక విసిరితే వానకి మొలుస్తుందన్న సంగతి నాకు తోచకపోవడం ఏమిటో ఇప్పటికీ అర్థం కాదు.

"ఈ దడి ఎవరేశారు?" అన్నాను.

"నేనే. సాక్ష్యాన్ని మేకలు మేసేస్తాయని."

"ఎప్పుడు చూశారు?"

"తింటామా తాగుతామా అనడిగాను చూడు, ఆ రోజు."

ఆ రోజుకి చెట్ల మీద రసాలు లేవు కానీ ఇంట్లో గడ్డిలో మాగేసిన ఆఖరి బంగినపల్లి కాయలున్నాయి. చుట్టాలకని ఉంచినవి. వాటి వాసన ఇల్లంతా కొట్టేది. ఆయన మంచం వాటి పక్క గదిలోనే.

"మరి నన్ను అడగలేదేం? మాట నేనే తప్పాను కదా. మీరూ తినుండొచ్చు."

"అందుకే అడగలేదు. అడిగితే నువ్వు ఒప్పుకుంటావు. ఒప్పుకుంటే నాకు తినే హక్కు వచ్చేస్తుంది. హక్కొచ్చాక నేను ఆగలేనే. ఒప్పందం పోయేది నీ వల్ల, సూది పడేది నాకు. అందుకని నాకు తెలియదనుకున్నా."

నేను ఆ ముళ్ళకంప దగ్గరే కూలబడి ఏడ్చాను. పూతరేకు కోర్టు గుర్తొచ్చి ఇంకా ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. వంగి ఒక మొక్క పీకి, టెంక పెచ్చు ఊడదీసి, లోపలి జీడిని షెడ్డు గోడకేసి అరగదీశాడు. చిన్నప్పుడు మేమందరం చేసుకున్న బూరే. నోట్లో పెట్టుకుని ఊదాడు. కీచుమని మోగింది. అవతల గట్టు మీద కోతావిడ తలెత్తి చూసి, నన్ను చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ బూర వాడిపోయాక ఇంకోటి చేసుకున్నాడు. నేను చట్టం గురించి ఎవరికైనా ఉపన్యాసం మొదలుపెడితే చాలు, పక్క గదిలోంచి కీచుమంటుంది. మిగిలిన మొక్కల్లో ఒకదాన్ని వంటింటి కిటికీ ఎదురుగా నాటాడు. కొర్రలు కడిగేటప్పుడల్లా అది నాకు కనిపిస్తుంది. ఆ కడిగిన నీళ్ళు దానికే పోస్తాను.