పడవవాడి ముందు ఆగిన ఆట

"నీకు ఏది మంచిగనిపిస్తె గది ఒత్తు" అన్నాడు ఆయన ఫోన్‌లో. నాకు మొదటిసారి భయమేసింది ఆ మాటతోనే.

బయటివాళ్లకు ఇందులో భయపడాల్సింది ఏమీ కనబడదు. గల్ఫ్‌లో ఉన్న మనిషి కోరుట్లలో ఉన్న భార్యతో, కంప్యూటర్ ఆటలో ఏ మీట నొక్కాలో నీ ఇష్టం అన్నాడు, అంతే. కానీ ఆ ఆట మొదలుపెట్టిన రోజు నుంచి ఒక్క నిర్ణయం కూడా ఆయన నాకు వదల్లేదు. తెర మీది ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పడం నా పని. ఒకటా, రెండా, మూడా అన్నది తేల్చడం ఆయన పని. గల్ఫ్‌కు పోయాక కూడా అంతే. ప్రతి శుక్రవారం, సెలవు రోజున, ఫోన్ చేసి పిల్లల సంగతి, మా అత్త దగ్గు సంగతి అడిగేవాడు. ఆ తర్వాత "ఇగ చెప్పు, మనోడు యాడిదాక అచ్చిండు?" అనేవాడు. నేను ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి కంప్యూటర్ పక్కన ఉంచేదాన్ని. ఏడేళ్ల మా బిడ్డ మౌస్ పట్టుకునేది. నాలుగేళ్ల కొడుకు కుర్చీ వెనక నిలబడి "కొట్టు, కొట్టు" అని అరిచేవాడు.

ఆ శుక్రవారం ఆటలో మనవాడు సముద్రం ఒడ్డుకు చేరాడు. అక్కడ ఒక ముసలి పడవవాడు. 'నీ కత్తి, నీ ఉంగరం, రాజముద్ర ఉన్న నీ కాగితం నాకు ఇవ్వు. ఆవలి ఒడ్డున తిరిగి ఇస్తాను' అంటాడు. ఒకటి నొక్కితే అన్నీ ఇచ్చి పడవ ఎక్కడం. రెండు నొక్కితే ఇవ్వనని వెనక్కి తిరగడం. అదే చదివి చెప్పాను. ఎప్పటిలా అయితే పడవవాణ్ని నాలుగు తిట్లు తిట్టి, నాతో రెండుసార్లు చదివించి ఉండేవాడు. ఈసారి తిట్లు లేవు. ఎప్పుడూ ఫోన్‌లో వినబడే గది సందడి, గిన్నెల చప్పుడు, ఎవరో ఒకరి నవ్వు, ఏవీ లేవు. పెద్ద బండి ఒకటి దగ్గరగా పోయింది. తర్వాత ఆ మాట అని, పిల్లల్ని పైలంగా చూసుకోమని చెప్పి పెట్టేశాడు.

"ఏ నంబరమ్మా?" అంది మా బిడ్డ.

"ఆగు, నాన్న మల్ల చెప్తడు" అని ఆటను అక్కడే సేవ్ చేశాను.

ఆ ఆటను జగిత్యాలలో కొన్నాం. కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టడం ఆయన వృత్తి. కోరుట్లలో చిన్న షాపు ఉండేది. వరసగా వానలు ఎగ్గొట్టి బోర్లు ఎండిపోయాక, కాలిపోవడానికి కూడా మోటార్లు నడవలేదు. షాపు ఖాళీ చేసి వీసా కోసం తిరుగుతున్న రోజులవి. జగిత్యాలలో ఒక ఇంటర్నెట్ సెంటర్ మూతపడుతుందని, పాత కంప్యూటర్లు అమ్ముతున్నారని విని నన్ను వెంట తీసుకుపోయాడు. నేను డిగ్రీ చదివింది ఆ ఊళ్లోనే. "నువ్వే మాట్లాడు, సదువుకున్నదానివి" అని బస్సులో చెప్పాడు. దిగినాక నన్ను నోరు తెరవనివ్వలేదు.

కంప్యూటర్ బేరం అయ్యాక, బల్ల కింద ఒక అట్టడబ్బా ఆయన కంట పడింది. దాని మీద రెక్కల పాముతో కత్తి పట్టుకుని కొట్లాడుతున్న మనిషి బొమ్మ ఉంది.

"గిదేందన్నా?"

"ఆట. మస్తు పాతది. మూడు సీడీలు. గిప్పుడెవ్వలాడుతరు గిసోంటియి, అందరికి తుపాకులాటలే గావాలె."

"నడుస్తదా?"

"రెండు సీడీల దాక నాది గ్యారంటీ. మూడోదాని మీద గీతలు పడ్డయి. అది నీ నసీబు."

"మరి కొసరు కింద ఏసెయ్యి."

"ఏందన్నా, పెండ్లికచ్చి పందిరి గుంజలడిగినట్టు!"

చివరికి ఎంతో కొంత ఇచ్చే కొన్నాం. ఇంటికి రాగానే ఆయన మూడో సీడీకి పళ్ల పేస్టు రాసి, మెత్తటి గుడ్డతో చాలాసేపు తుడిచాడు. మోటారు తీగను చుట్టేటప్పుడు కూడా అంతే ఓపిక ఆయనకు. దీపం ముందు తిప్పి చూసి, "గక్కడిదాక పోయినప్పుడు సూద్దాం" అని డబ్బాలో పెట్టేశాడు.

మొదటి రోజు మా వీరుణ్ని ఎలుక చంపింది. నిజంగానే, ఎలుక. పిల్లలు పడిపడి నవ్వారు.

"గింత కత్తి వట్టుకొని ఎల్కతోని సచ్చుడేందే?" అన్నాడు ఆయన.

"ఉరుకుమంటవా, కొడ్తవా అని అడిగింది. కొట్టుమన్నది నువ్వే గదా" అన్నాను.

"నువ్వు సరింగ సదివినవా?"

పక్కన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్న మా అత్త తల ఎత్తకుండానే, "ఎల్కకు సచ్చెటోడు సముద్రాలు దాటుతడట" అంది. వీసా వచ్చేదాకా మూడు నెలలు అలాగే ఆడాం. మనవాడు దొరికిన ప్రతి కుండా, ప్రతి తాడూ సంచిలో వేసుకుని, బరువు ఎక్కువై నడవలేక నడిచేవాడు. ఏదీ పారేయనిచ్చేవాడు కాదు ఆయన. పోయే రోజు బ్యాగు భుజాన వేసుకుని కూడా, "ఆట బందు వెట్టకు. పిల్లలకు ఇంగ్లీషస్తది. నేను ఫోన్ల చెప్త" అన్నాడు.

మోటార్లకు తీగ చుట్టే పని అని చెప్పి తీసుకుపోయారు. అదే చేస్తున్నానని ప్రతి శుక్రవారం చెప్పేవాడు. నేను నమ్మాను.

పడవవాడి శుక్రవారం తర్వాతి శుక్రవారం ఫోన్ రాలేదు. నేను చేస్తే స్విచాఫ్. "ఫోనచ్చిందా?" అని అత్త పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు, మా గల్లీలో మూడిళ్ల అవతల ఉండే అక్క దగ్గరికి పోయాను. వాళ్లాయనదీ మా ఆయనదీ ఒకే కంపెనీ, గదులు వేరు. మా వైపు ఫోన్ రాకపోతే ఎవరైనా చేసేది ఇదే. ఆ కంపెనీలో ఎవరున్నారో వాళ్లింటికి పోయి అడగడం. ఏ గల్లీలోనైనా ఒకరుంటారు. ఏ ఆఫీసు కంటే కూడా తొందరగా కబురు చేరుతుంది.

"అక్కా, మా ఆయన ఫోన్ చేస్తలేడు. మీ ఆయన్ను ఒక్కపారి రూముకు పోయి సూడుమనరాదు."

"కొత్త ఫోన్ కొన్నడేమో, నీ నంబరు మర్సిపోయిండు!" అని నవ్వి, "ఈ పొద్దే అడుగుత తియ్యి" అంది.

అడిగింది కూడా. ఆమెది తప్పేమీ లేదు.

రెండు రోజులకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"వదినా, మాది ఎల్లంతకుంట. అన్న రూములనే ఉంట నేను. నువ్వు ఎవ్వలనన్న అడిగినవా, అన్న గురించి?"

అడిగానన్నాను.

"మోటర్ల పని ఎప్పుడో బందయింది వదినా. అన్నను ఎడారిల గొర్లకాడికి పంపుతమన్నరు. పంపేదాక రూములనే ఉండుమన్నరు. గా నడుమల, బయట వైండింగ్ షాపుల పని ఉందంటె అన్న సూసచ్చుటానికి పోయిండు. కుదరకపోతె పది రోజులల్ల మల్ల రూముకత్త అన్నడు. గందుకే మేం ఎవ్వలకు చెప్పలే. అడిగితె జరమచ్చి పన్నడన్నం. మంచం మీద దుప్పటి కప్పిపెట్టినం."

"మరి ఇప్పుడు?"

"నువ్వు అడిగిపిచ్చిన మాట, గా మీ గల్లి అన్న అచ్చి ఫోర్‌మన్ ముంగటనే అడిగిండు. ఆయనకేం తెలుసు పాపం. గంట కాకముందే రూము సోదా చేసిండ్రు. పారిపోయిండని పోలీసులకు రాసిచ్చిండ్రు. అన్న ఇగ ఖల్లివెల్లి అయిండు వదినా."

ఖల్లివెల్లి అంటే మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాస్‌పోర్టు కంపెనీ చేతిలోనే ఉండిపోయి, కాగితం లేకుండా దాక్కుని బతికే మనిషి. దొరికితే జైలు. దొరకనంత కాలం ఇంటికి రాలేడు.

"మీ అన్న ఫోన్ చేస్తడా?" అని అడిగాను.

"నీ నంబరుకు చేస్తె దొరుకుతనని భయముంటది గదా. ఏమో వదినా. నువ్వు మాత్రం ఇంకెవ్వల్నడగకు."

నేను అడగకపోయి ఉంటే ఆయన గొర్రెల దగ్గరికైనా వెనక్కి వచ్చేవాడా అని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. పది రోజులన్నాడు. నేను తొమ్మిదో రోజు పోయి అడిగాను. సిరిసిల్ల నుంచి అమ్మ ఫోన్ చేసింది. వెనక నాన్న బట్ట నేసే సాంచాల చప్పుడు. "గొంతు గట్లున్నదేంది? పిల్లల్ని తీసుకొని రారాదు" అంది. పోతే ఇక్కడ గల్లీ అడుగుతుంది, ఎందుకు పోయిందని. పోలేదు. మూడిళ్ల అవతల అక్క ఎదురైతే, "చేసిండక్కా, ఫోన్ కరాబైందట" అన్నాను. ఆమె నా ముఖం చూసి తల తిప్పుకుంది. ఆమెకు అప్పటికే తెలుసు.

నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక ఆట తెరిచాను. నీకు ఏది మంచిగనిపిస్తె గది అన్నాడు కదా. రెండు నొక్కాను. మనవాడు వెనక్కి తిరిగి, ఇసుకలో అటూ ఇటూ నడిచి, మళ్లీ పడవవాడి ముందుకే వచ్చాడు. వేరే దారి లేదు. ఒకటి నొక్కాను. కత్తి పోయింది, ఉంగరం పోయింది, కాగితం పోయింది. మూడో సీడీ పెట్టమంది. పెట్టాను. లోపల గరగరమని తిరిగి ఆగిపోయి, మళ్లీ మూడో సీడీ పెట్టమంది. ఆయన చేసినట్టే పేస్టు రాసి, గుడ్డతో తుడిచి పెట్టాను. నాలుగుసార్లు. ప్రతిసారీ అదే మాట. ఒడ్డు కనబడలేదు, పడవ కూడా కనబడలేదు. నల్లటి తెర మీద ఆ ఒక్క వాక్యం.

పొద్దున మా బిడ్డ బల్ల మీద పేస్టు ట్యూబు, తెరిచిన డబ్బా చూసింది. తమ్ముణ్ని కూడా లేపుకొచ్చింది.

"అమ్మా, నాన్న నంబరు చెప్పిండా?"

"లేదు బిడ్డా."

"మరి గా మూడిండ్ల అవతలి పెద్దమ్మోళ్ల ఇంటికి పోయి అడుగుదామా? గా పెదనాన్న నాన్నను అడిగి చెప్తడు గదా!" అని అప్పుడే చెప్పులు వేసుకుంటోంది.

చెయ్యి పట్టి ఆపాను. ఇద్దర్నీ నా ముందు కూర్చోబెట్టుకున్నాను. వంటింట్లో ఉన్న మా అత్తకు వినబడకుండా, మెల్లగా చెప్పాను.

"మూడో సీడీ నడుస్తలేదు. ఆట గక్కడిదాకనే. నాన్న ఫోన్ చేస్తుండా అని ఎవ్వలన్న అడిగితె, చేస్తుండని చెప్పుండ్రి. నాన్న యాడున్నడని మీరు మాత్రం ఎవ్వల్నడగద్దు. ఎవ్వల్నంటె ఎవ్వల్ని. నేను ఒక్కపారి అడిగిన."