రెండో చేతి గాజులు

గాజులు తొడగడం మా ఇంటి పని. అనకాపల్లి బజార్లో ఇదే కొట్టులో మా అమ్మీ తొడిగింది, ఇప్పుడు నేను తొడుగుతున్నాను. మా ఆయన గల్లా దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెబుతాడు, అంతే.

ఆ రోజు నాతవరం నుంచి ఒక అత్తా కోడలూ వచ్చేరు. మర్నాడే కోడలికి సీమంతం. అత్తగారు కూర్చోకుండానే మొదలెట్టింది. "ఒక్క గాజు సిట్లకూడదొదినా. మొదలెట్టినోలే ముగించాల. ఒక సెయ్యి బోసిగా ఉండగా గడప దాటకూడదు." పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ గాజుల మధ్యే ఉన్నదాన్ని, నాకు చెప్పాలా? ఒళ్ళు మండింది గాని, కడుపుతో ఉన్న పిల్ల ముందు గొడవెందుకులే అని ఊరుకున్నాను.

ఎడమ చేతికి నిండుగా తొడిగేను. ఒక్కటీ చిట్లలేదు. కుడి చేతికి కావాల్సిన ఆకుపచ్చ గాజుల మలారం పై అరలో ఉందని లేచి, తలెత్తి చూసేను.

అంతే. కొట్టు మొత్తం గిర్రున తిరిగిపోయింది. అరలు, గాజులు, అత్తగారి మొహం, అన్నీ ఒకదాని మీద ఒకటి. పట్టుకుందామంటే ఏదీ నిలబడి లేదు. కూలబడితే నేల కూడా తిరుగుతోంది. కళ్ళు మూసినా తిరుగుడే. వచ్చినవాళ్ళ ముందే కక్కేసుకున్నాను.

"దిష్టి! దిష్టే ఇది!" అంటోంది అత్తగారు. "షుగరు పడిపోయినట్టుంది" అంటూ పక్క కొట్టాయన నా నోట్లో బెల్లం ముక్క కుక్కేడు. ఈ ఊళ్ళో ఎవరికేమొచ్చినా ముందు బెల్లమే. నాకు మాత్రం మా అమ్మీ గుర్తొచ్చింది. ఇక్కడే, ఇలాగే కూలబడింది. కుడి చెయ్యి పడిపోయి మళ్ళీ ఎవరికీ ఒక్క గాజు తొడగలేదు. యా అల్లా, నా చెయ్యి! వేళ్ళు ఆడించేను. ఆడేయి. నమ్మకం కుదరక మళ్ళీ ఆడించేను.

మా ఆయన ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళేడు. దారంతా వేళ్ళు నొక్కి చూసుకుంటూనే ఉన్నాను. డాక్టరమ్మ చేతులు చాపమంది, నడవమంది, కళ్ళలోకి చూసింది.

"పక్షవాతం కాదమ్మా. చెవి."

చెవికీ తల తిరగడానికీ ఏటి సంబంధం అని కసిరేను. చెవి లోపల ఇసక రేణువుల్లాంటివి ఉంటాయట. అవి చోటు తప్పితే తల కదిపినప్పుడల్లా ఇదే వరసట. బల్ల మీద పడుకోబెట్టి నా తల ఒక పక్కకి తిప్పి పట్టుకుంది. మళ్ళీ గిర్రున! ఆవిడ చెయ్యి రక్కేసేను. పాపం, అయినా పట్టు వదల్లేదు. మెల్లగా రెండో పక్కకి తిప్పి, కాసేపాగి లేపి కూర్చోబెట్టింది. తిరుగుడు ఆగింది.

"కొన్నాళ్ళు తల పైకెత్తొద్దు, వంచొద్దు. మళ్ళీ రావచ్చు, భయపడకండి" అంది. మళ్ళీ రావచ్చని చెప్పి భయపడొద్దంటే ఎలాగ?

కొట్టుకి వచ్చేసరికి అత్తాకోడళ్ళు అక్కడే ఉన్నారు. ఎడమ చేతి నిండా గాజులతో, బోసిగా ఉన్న కుడి చెయ్యి కొంగులో దాచుకుని, ఆ పిల్ల బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

"వేరే ఎవరిచేతైనా తొడిగించండి వదినా" అని బతిమాలేను. అత్తగారు ససేమిరా అంది.

నిటారుగా కూర్చున్నాను. తల వంచకుండా గాజు తొడిగేదెలా? చూపు కిందికి దించాలన్నా భయమే. "మీరు కళ్ళు మూసుకోండి పిన్నీ, నేను చెయ్యి కదపను" అంటూ ఆ పిల్ల తన చెయ్యి నా ఒళ్ళో పెట్టింది. కళ్ళు మూసుకుని, వేళ్ళతో తడుముకుంటూ ఒక్కో గాజూ ఎక్కించేను. ఆఖరి గాజు బొటనవేలి కణుపు దగ్గర పట్టేసింది. కొంచెం నొక్కేను.

టప్పుమంది.

కళ్ళు తెరిచేను. ముక్కలు నా ఒళ్ళో ఉన్నాయి. పిల్ల మొహం పాలిపోయింది. అత్తగారు ఆ ముక్కల్ని చూసింది, వణుకుతున్న నా వేళ్ళకేసి చూసింది. వంగి ముక్కలన్నీ ఏరి కొంగున ముడేసుకుని, వీధివైపు తిరిగి కూర్చుంది.

"నానేటీ సూడ్నేదు" అంది. "ఇంకోటెయ్యొదినా."