మూడో పిలుపు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అసలు నమ్మకం మీద ఏ సరుకూ పుచ్చుకునే అలవాటు మా ఇంట్లోనే లేదు. జనగామలో మాది గిన్నెల దుకాణం. ఇత్తడి చెంబును సైతం వేలితో కొట్టి, మోత విని, అప్పుడు గానీ ఇత్తడని ఒప్పుకోని వంశం. అలాంటి నేను ఇది రాయడానికి కూర్చున్నానంటే, ఈ సంగతిని ఎన్ని వైపుల కొట్టి చూడాలో అన్ని వైపులా కొట్టి చూశాననే అర్థం.

ముందే చెప్పేస్తాను. ఆ రోజు వెనక నుంచి ఎవరో పిలవకపోతే మా సిరి మాకు దక్కేది కాదు. ఎవరు పిలిచారన్నదే గొడవ.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులవి. వారంలో సగం బంద్‌లే. షట్టర్ దించుకుని దాని వెనకాల ఈగలు తోలుకునే బదులు ఎక్కడికన్నా పోదామన్నాడు నా దోస్తు రమేశ్. వాడికి భూపాలపల్లిలో హార్డ్‌వేర్ దుకాణం. ఎక్కడికన్నా అంటే వేములవాడో యాదగిరిగుట్టో అనుకున్నాను. వాడు మనాలి అన్నాడు. మంచు మీద స్కీలు కట్టుకుని జారాలట.

ఊరు ఊరంతా రోడ్ల మీద వంటావార్పు చేస్తుంటే, మేము మంచులో జారడానికి పోతున్నామని ఏ మొహంతో చెప్పుకుంటాం? ఖమ్మంలో పెళ్లి ఉందని పక్క దుకాణాయనకు చెప్పి బయలుదేరాం. నేను, నా భార్య సుజాత, ఎనిమిదేళ్ల సిరి. రమేశ్, వాళ్లావిడ వనజ.

ఆఖరి రోజు వచ్చేసరికి నా ఓపిక అడుగంటింది. అద్దె కోటు నాకంటే ముందు ఎవరు తొడుక్కున్నారో గానీ, వాళ్ల చెమట వాసన నాతో పాటే తిరుగుతోంది. బూట్లలో నీళ్లు. మధ్యాహ్నానికి ఢిల్లీ బస్సెక్కాలి. మనవైపు రైళ్లు ఆపేశారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. మన రైలు ఢిల్లీలో కదులుతుందో లేదో నేను లెక్కలు వేసుకుంటుంటే రమేశ్ మాత్రం, "ఒక్క రౌండ్ భాయ్. మళ్ల ఈ జన్మల వస్తమా?" అంటాడు. అంతకు ముందరి మూడు రౌండ్లకూ ఇదే మాట.

ఇక్కడ మా బాపు నేర్పిన ఒక సూత్రం చెప్పాలి. బేరం తెగకపోతే నడిచిపో. వెనక నుంచి పిలుస్తారు. మొదటి పిలుపుకు తిరగొద్దు, అప్పటికి రేటు దిగదు. రెండో పిలుపుకు సగం దిగుతుంది. మూడో పిలుపుకు తిరుగు. మా నాయనమ్మ సరిగ్గా ఇదే మాట దయ్యాల గురించి చెప్పేది. దయ్యం రెండుసార్లే పిలుస్తుందట, మూడోసారి పిలిచిందంటే మనిషేనట. వీళ్లిద్దరిలో ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో నాకు తెలియదు.

ఈ సూత్రం నాకంటే బాగా వచ్చిన మనిషి ఒక్కతే, తరిగొప్పుల వైపు తండా నుంచి వచ్చే మంగ్లి అవ్వ. ఆమె నడిచిపోతే నేను మూడుసార్లు పిలవాలి. నేను ముఖం తిప్పుకుని లోపలికి పోతే ఆమె మూడుసార్లు పిలవాలి. మేము మనాలికి బయలుదేరే ముందు కూడా వచ్చింది. మహబూబాబాద్‌లో ఉన్న కూతురికి ఇత్తడి బిందె కావాలంది. బేరం కుదరక ఆమె నడిచిపోతుండగా ఊరేగింపు వచ్చింది. నేను షట్టర్ దించేశాను. పిలవనే లేదు.

మనాలి పైన సోలంగ్‌లో స్కీలు అద్దెకిచ్చేవాడు నాకు తగ్గవాడే. రేటు తేలకముందే సిరి కాళ్లకు స్కీలు బిగించేశాడు. మేమూ అంతే, ముందు బిందె చేతిలో పెట్టి తర్వాత రేటు మాట్లాడతాం. వాడి విద్య నా దగ్గరా అనుకుని, అమ్మాయిని అక్కడే వదిలి నడక మొదలుపెట్టాను.

"అయిపాయె," అంది సుజాత వనజతో, నాకు వినపడేలా. "ఇగ ఈయన నడుస్తడు, వాడు పిలుస్తడు. మనం గీడ సలికి సావాలె."

కొంచెం దూరం పోయానో లేదో, వెనక నుంచి పిలుపు, గాలి హోరులో ఎవరి గొంతో పోల్చుకోరాకుండా. "ఓ చిన్న సేటూ."

మా బాపు పెద్ద సేటు, నేను చిన్న సేటు. ఆ పేరు జనగామ బజారు దాటి ఎవరికీ తెలియదు. ఇది రమేశ్ ఎక్కడో విని ఆ స్కీలవాడికి నేర్పిన వేషమని ఒళ్లు మండింది. తిరగలేదు.

"చిన్న సేటూ, జర ఆగు."

అప్పుడూ తిరగలేదు.

మూడోసారి "సేటూ" అని ఒక్కటే అరుపు. కోపంగా, సాగదీసి. తిరిగాను.

నన్ను పిలిచేవాళ్లు ఎవరూ లేరు. స్కీలవాడు ఇంకో కుటుంబానికి చేతి తొడుగులు చూపిస్తున్నాడు. సుజాత, వనజ ఫోటో దిగుతున్నారు, తీస్తున్నది రమేశ్. సిరి మాత్రం దిగువకు జారిపోతోంది. నెమ్మదిగా, చేతులు రెండూ చాచి, నోరు పెగలక. కింద వరసగా ఎర్ర జెండాలు పాతి ఉన్నాయి.

పరుగెత్తాను. రెండు మోకాళ్ల మీద పడ్డాను, లేచాను, మళ్లీ పడి పడి దాని కోటు అందుకున్నాను. ఇద్దరం ఒక జెండా కర్రకు తగిలి ఆగాం. తర్వాత అక్కడివాడొకడు వచ్చి జెండాకు అవతల మంచులోకి తన కర్ర దించాడు. కర్ర మొత్తం లోపలికి పోయింది. కింద నీళ్ల చప్పుడు వినిపించింది.

సుజాత సిరిని పట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఢిల్లీ దాకా నన్ను తిట్టింది. ఎవరు పిలిచారని అడిగితే, ఎవరూ పిలవలేదని ముగ్గురూ అన్నారు. రమేశ్ వాళ్లమ్మ మీద ఒట్టేశాడు. స్కీలవాడికి తెలుగే రాదు. మనవైపు టూరిస్టు ఎవరో ఇంకో సేటును పిలిచి ఉంటాడని సర్దిచెప్పుకున్నాను. లెక్క అంతటితో మూసేశాను.

ఊరు చేరి దుకాణం తెరిచిన కొద్ది రోజులకు మంగ్లి అవ్వ వచ్చింది. వస్తూనే మొదలుపెట్టింది.

"మహబూబాబాద్ పోదామంటే రైలాపిరి. నీ అరుగు మీదనే కూసున్న. నువ్వేమో ఇంత లావు కోటేసుకొని నా ముంగట్నుంచే పోతివి. పిలిస్తే పలుకవైతివి. బంద్ అంటే మాటలు గూడ బంద్ వెట్టుమన్నరా?"

"అవ్వా, నేను ఊళ్లె లేను. మనాలిల ఉన్న, మంచుల."

"పక్క దుకాణపాయన ఖమ్మంల పెండ్లి అన్నడు. ముందు నువ్వు ఒక్క మాట మీద ఉండు సేటు."

నా అబద్ధం తెచ్చి నా గల్లాపెట్టె మీదే పెట్టింది. ఎన్నిసార్లు పిలిచావని అడిగాను.

"మూడుమాట్ల. మూడోదానికి గాని నువ్వు తిరగవని నాకెరుక లేదా? తిరిగినవు. తిరిగి, నన్ను జూడకుంట ఉరుకుడు వెట్టినవు. సాపు రోడ్డు మీద రెండు మోకాళ్ల మీద పడ్డవు." కొంచెం ఆగి అడిగింది, "దెబ్బ మానిందా?"

పంచె కింద నా మోకాళ్లకు పక్కులు ఇంకా ఊడలేదు. నేను పడిన సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.

విచారించాను. ఆమె అరుగు మీద కూర్చున్నదీ, మేము సోలంగ్‌లో ఉన్నదీ ఒకే రోజు. ఎదురుగా దీక్ష శిబిరంలో కూర్చున్నవాళ్లను అడిగితే ఒకాయన, కోటేసుకున్నాయన ఎవరో పోయినట్టే ఉందన్నాడు. ఆయన పక్కనాయన, "గీ ఎండల కోటెవడేస్తడే?" అని ఆయన్ని కసిరాడు. వాళ్లిద్దరూ కొట్లాటకు దిగితే నేను వచ్చేశాను.

బిందెను మంగ్లి అవ్వ అడిగిన రేటుకే ఇచ్చాను. ఆమె వెంటనే తీసుకోలేదు. తిప్పి చూసింది, అడుగు తడిమింది, కొట్టి మోత విన్నది. లోపలి నుంచి నీళ్లు తెమ్మని, నింపి, అరుగు మీద పెట్టుకుని కూర్చుంది.

"ఎన్నడు లేంది ఒక్క మాటకే ఇస్తున్నవంటే దీనికేదో అయ్యింది."

చుక్క కారలేదు. అయినా అనుమానంగానే తీసుకుపోయింది.

రమేశ్ దీన్ని యాదృచ్ఛికం అంటాడు. సుజాత దేవుడంటుంది. మా నాయనమ్మ లెక్క ప్రకారం మూడుసార్లు పిలిచింది కనుక మనిషే. మనిషే, ఒప్పుకుంటాను. జనగామలో పిలిస్తే మనాలిలో ఎట్లా వినపడింది? మనాలిలో పడితే జనగామలో ఎట్లా కనపడింది? ఇన్నేళ్లయినా నాకు పాలుపోలేదు.

ఇప్పుడు వెనక నుంచి ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే తిరుగుతున్నాను. ఈ సంగతి బజారంతా పాకింది. నా బేరాలన్నీ పోతున్నాయి. పోనీ.