ఎదురుగా వచ్చి చదవండి

రమామణికి మనుషుల మీద పెద్దగా గౌరవం లేదు. న్యూజీలాండ్‌లో, ఆక్లాండ్ పక్కనున్న పాపకూరలో ఒక డాక్టరు క్లినిక్ రిసెప్షన్‌లో కూర్చుని రోజంతా జనాన్ని చూసేవాళ్ళెవరికైనా అంతే. తన ముందు గొంతు చించుకునే పెద్దమనిషి డాక్టరు కనబడగానే పిల్లిలా అయిపోవడం ఆవిడ రోజూ చూసేదే. తణుకులో డిగ్రీ చదివి, బిజినెస్ డిప్లొమా కోసమని స్టూడెంట్ వీసా మీద ఆక్లాండ్ వచ్చి, కొన్నాళ్ళు డెయిరీలో పాలూ సిగరెట్లూ అమ్మింది. వీధి మూల కొట్టుని ఇక్కడ డెయిరీ అంటారు. ఆ తర్వాత ఈ కుర్చీలో కుదురుకుంది. భర్త నారాయణ గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. జనం దాన్ని మంచితనం అంటారు. రమామణి బద్ధకం అంటుంది.

ఊరి ఫేస్‌బుక్ గ్రూపు ఆవిడ నెత్తిన పడింది 2016లో. అంతవరకూ దాన్ని చూసుకున్న షారన్ అనే తెల్లావిడ ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ, "ఎంత మొండివాళ్ళనైనా కూర్చోబెట్టగలవు, ఇక నువ్వే చూసుకో" అని అప్పగించి పోయింది. తప్పిపోయిన పిల్లులు, అమ్మకానికి సోఫాలు, ఏ కొట్లో చేపల వేపుడు బాగుంటుందనే తగాదాలు, ఇవే అందులో ఉండేవి. షారన్ పెట్టిన నియమాలు నాలుగైదు ఉండేవి. ఇంగ్లీషులో మాత్రమే రాయాలన్నది వాటిలో ఒకటి. రమామణి వాటి జోలికి పోలేదు.

మరుసటి ఏడాది స్థానిక బోర్డువాళ్ళు హార్లండ్ రోడ్డుకి, ఈ దేశపు మూలవాసులైన మావోరీలు పిలిచిన పాత పేరు వైటునా మళ్ళీ పెట్టాలా అని జనాన్ని అడిగారు. హార్లండ్ అంటే నూట యాభై ఏళ్ళ కిందటి యుద్ధంలో మావోరీల భూముల మీదికి దండెత్తిన సైన్యంలో ఒక అధికారి. ముందు రోజు దాకా ఆయనెవరో ఊళ్ళో ఒక్కడికీ తెలీదు. తెల్లారేసరికి అందరికీ తాతగారైపోయాడు. రిటైరైన ప్లంబరు గ్రేహమ్ అయితే, "వీళ్ళకి ఎంత ఇచ్చినా చాలదు" అని మొదలెట్టి పేజీడు రాశాడు. దానికి బదులుగా ఇళ్ళకి పరంజాలు కట్టే టామా అనే మావోరీ యువకుడు తెల్లవాళ్ళని వదిలేసి, మధ్యలో ఏదో అన్న ఇండియన్ల మీద పడ్డాడు. "మీ కూర వాసన మూటగట్టుకుని మీ ఇంటికి పొండి" అన్నాడు.

మనవాళ్ళు తక్కువ తిన్నారా? 'ప్రౌడ్ కివీ', అంటే గర్వించే న్యూజీలాండువాడు, అనే దొంగ పేరుతో ఒకాయన, "మేం కష్టపడి పన్నులు కడతాం, వాళ్ళు సర్కారు డబ్బుతో తాగి పడుకుంటారు, పేర్లు మాత్రం వాళ్ళవా?" అని రాశాడు. చివర్లో "దయచేసి తగు చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క తగిలించాడు. పాపకూర మొత్తం మీద ఆ ముక్క రాసేది ఒక్కరే. ఇండియాలో నీటిపారుదల ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి వచ్చిన మధుసూదనరావు, అంటే తెలుగు సంఘం అధ్యక్షుడు. దొర మెచ్చుకుంటే చాలు, తనూ దొరనైపోయానని మురిసిపోయే రకం.

రమామణి తీసేస్తున్న కొద్దీ వాళ్ళు రాస్తూనే ఉన్నారు. గొడవ కౌన్సిల్ దాకా వెళ్ళింది. వాళ్ళు 'గౌరవంగా మాట్లాడుకుందాం' అంటూ ఒక శిక్షణ పెట్టి, ఎక్కడినుంచో ఒక నిపుణురాలిని దింపారు. ఆవిడ రంగురంగుల కాగితాలు పంచి, మీ మనసులో ఏముందో రాసి గోడకి అతికించండి అంది. అందరూ 'ప్రేమ' అనీ 'వినడం' అనీ రాసి అతికించారు. బూతులు రాసినవాళ్ళలో ఒక్కడూ అక్కడికి రాలేదు. రమామణి రెండు బిస్కెట్లు తిని ఇంటికొచ్చి, గ్రూపులో కొత్త నియమం పెట్టింది.

"ఒక జాతి గురించి ఎవరేం రాసినా ఇకనుంచి తీసెయ్యను. కానీ రాసినవాళ్ళు శనివారం పొద్దున లైబ్రరీ పక్క హాల్లోకి వచ్చి, ఆ జాతి మనిషి ఎదురుగా నిలబడి పైకి చదవాలి. రానివాళ్ళకి గ్రూపులో చోటు లేదు."

నారాయణ అది చూసి, "ఎవరొస్తారు రమా?" అన్నాడు.

"ఎవరూ రారండీ. ఏరేయడం తేలికవుద్ది."

కానీ వచ్చారు. గ్రేహమ్ వచ్చాడు, పిరికివాడన్న పేరు పడలేక. టామాని వాళ్ళ వీధిలో ఉండే మెరె లాక్కొచ్చింది. మెరె బస్సు నడిపి రిటైరైన మావోరీ పెద్దావిడ, క్లినిక్‌కి నెలనెలా వచ్చే మనిషి. కొందరు తమాషా చూడ్డానికి వచ్చారు. మధుసూదనరావు సూటేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. బోర్డు మెంబరు వస్తాడని, ఫొటో తీస్తారని ఎవరో చెప్పారట.

గ్రేహమ్ మెరె ఎదురుగా నిలబడి, కళ్ళజోడు సర్దుకుని, ఫోన్లోంచి చదివాడు. "వీళ్ళకి ఎంత ఇచ్చినా చాలదు" దగ్గర మెరె చెయ్యెత్తి ఆపింది.

"నువ్వేమిచ్చావు గ్రేహమ్?"

"నేనా?"

"నువ్వే. ఇచ్చానంటున్నావుగా."

గ్రేహమ్ ఫోన్ వంక చూశాడు. "మా రోడ్డు పేరు మారితే నా లైసెన్సు, బ్యాంకు, కరెంటు, అన్నిట్లో అడ్రసు మార్చుకోవాలి. ఈ వయసులో ఆ కంప్యూటర్లతో నావల్ల కాదు" అన్నాడు.

"అది రాయాల్సింది. దానికి నేనూ ఒప్పుకుంటా. నాకూ ఆ కంప్యూటర్లంటే మంట" అంది మెరె.

గ్రేహమ్ మిగతా పేజీ చదవకుండానే కూర్చున్నాడు.

టామా వంతు వచ్చింది. ఎదురుగా రమామణి. వాడు నేల చూపులు చూస్తూ, "సారీ ఆంటీ" అన్నాడు.

"సారీ తర్వాత. ముందు చదువు. రాసేటప్పుడు సిగ్గెయ్యలేదుగా."

చదివాడు. ఫోన్లో పులిలా ఉన్న మాట వాడి నోట్లోంచి పిల్లి కూనలా బయటికొచ్చింది. రమామణి విని, "ఇంటికి పొమ్మన్నావు. మా ఇల్లు హార్లండ్ రోడ్డులోనే. బట్టలు ఆరేసుకోవాలి, అయ్యాక వెళ్తాలే" అంది. హాల్లో నవ్వులు లేచాయి. టామా చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడావిడ ముందు వరస వైపు తిరిగింది. "అంకుల్, మీరు."

"నేనా? నేనేం రాశానమ్మా?" అన్నాడు మధుసూదనరావు.

"ప్రౌడ్ కివీ గారు రాసింది. నా ఫోన్లో ఉంది, ఇమ్మంటారా?"

"ఎవరో ఆకతాయిలు రాస్తే నాకంటగడతావేంటమ్మా!" అంటూనే, మోగని ఫోన్ చెవిన పెట్టుకుని బయటికి నడిచాడు. కిటికీలోంచి ఆయన కారు వెనక్కి తిరగడం అందరికీ కనబడింది. ఆ సూటుకి ఆ పరుగు ఏమాత్రం నప్పలేదు.

రమామణి తృప్తిగా చేతులు దులుపుకుంది. మనుషుల గురించి తను అనుకున్నదంతా నిజమేనని తేలినందుకు ఆవిడకి హాయిగా ఉంది.

"ఇప్పుడు నువ్వు" అంది మెరె.

"నేనేమీ రాయలేదు ఆంటీ."

"రాయలేదు, తీసేశావు. రెండుసార్లు పెట్టాను, రెండుసార్లూ తీసేశావు."

రమామణికి గుర్తొచ్చింది. మావోరీలో ఉన్న ఏదో పోస్టు మీద ఎవరో ఫిర్యాదు చేశారు. ఇంగ్లీషు కాదు, పైగా ఏ తిట్టో ఏమో అని తీసేసింది.

మెరె కాగితం ఏదీ తీయలేదు. ముందు తన భాషలో నెమ్మదిగా చెప్పి, తర్వాత ఇంగ్లీషులో చెప్పింది. "ఆ రోడ్డు పక్కన వాగుండేది. అందులో మా అమ్మమ్మ మలుగు చేపలు పట్టేది. వాటిని మేం టునా అంటాం. వైటునా అంటే ఆ చేపలుండే నీళ్ళు. రోడ్డు వేసేటప్పుడు వాగుని గొట్టంలో పెట్టి పూడ్చారు. పేరునన్నా పైకి రానివ్వండి." రమామణి వైపు తిరిగింది. "ఇందులో తిట్టెక్కడుంది?"

డెయిరీలో పనిచేసే రోజుల్లో రమామణి ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే, నన్నే తిడుతున్నావని ఒక ముసలావిడ మీదికొచ్చింది. అలాంటి మూర్ఖుల్ని తలుచుకుని ఎన్నేళ్ళు నవ్వుకుందో. ఇప్పుడు ఆ ముసలావిడకీ తనకీ తేడా ఏమిటో ఆవిడకి తోచలేదు.

"ఎందుకు తీశావు?" అంది మెరె.

"చదవడం రాక."

"నెలనెలా నీ ఎదురుగా వచ్చి నిలబడుతూనే ఉన్నాగా. అడగొచ్చుగా."

"అడగాలని తోచలేదు ఆంటీ" అంది రమామణి. మెరె ఊరడించలేదు. "ఆ ఇంగ్లీషు రూలు తీసెయ్" అని మాత్రం అంది.

ఇంటికెళ్ళి ముందు ఆ పని చేసింది. ఎవరి భాషలో వాళ్ళు రాసుకోవచ్చంది. బూతులు పడ్డప్పుడు కదలని పెద్దమనుషులు ఆ ఒక్క వాక్యానికి గుంపులుగా గ్రూపు వదిలిపోయారు. పక్కవాడు తిడితే ఓర్చుకుంటారు గానీ, తమకి రాని భాష మాట్లాడితే ఓర్చుకోలేరు. మధుసూదనరావు తెలుగు సంఘం వాట్సాప్‌లో, ఆడవాళ్ళకి పెత్తనమిస్తే ఇంతేనని రాశాడు. అదీ చాలక నారాయణకి ఫోన్ చేసి, "మీ ఆవిడని కాస్త అదుపులో పెట్టుకోవయ్యా" అన్నాడు.

నారాయణ చాలాసేపు విన్నాడు. "మీరు చదవాల్సింది అలాగే ఉండిపోయిందటండీ. ఈ శనివారం కూడా హాలు తీసే ఉంచుతారు" అని ఫోన్ పెట్టేశాడు. రమామణి వంటింట్లోంచి తొంగిచూసి, ఆ పూట ఆయన్ని బద్ధకస్తుడు అనలేదు.

బోర్డువాళ్ళు చివరికి ఎవరికీ నచ్చని పని చేశారు. రోడ్డు పలక మీద హార్లండ్ పేరు పైన ఉంచి, వైటునా అని కింద చిన్న అక్షరాలతో రాయించారు. శిక్షణ ఇచ్చిన నిపుణురాలు మాత్రం, ఈ విజయం తన శిక్షణ ఫలితమేనని ఎక్కడో ప్రసంగించింది. రమామణి పేరు రమణమ్మ అని పలికిందట. సగానికి పైగా ఖాళీ అయిన గ్రూపులో గ్రేహమ్ ఉండిపోయాడు. ఆ పలక మీద అక్షరాల సైజు గురించి ఆయనకీ మెరెకీ ఇంకా తగాదా నడుస్తూనే ఉంది. తగాదాలో జాతి మాట రాలేదు, అక్షరాల మాటే వచ్చింది.

మరుసటి ఉగాదికి మధుసూదనరావు మెరెని తెలుగు సంఘం వేదిక మీదికి పిలిచాడు. ఆ ఏడాది కౌన్సిల్ గ్రాంటు కావాలంటే మావోరీలతో కలిసి పనిచేస్తున్నట్టు కనబడాలట. శాలువా కప్పి, "మా సోదరి" అని మైకు చేతికిచ్చాడు. మెరె తన భాషలో నాలుగు ముక్కలు మాట్లాడింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే ఎక్కువసేపు కొట్టినవాడు మధుసూదనరావే.

భోజనాల దగ్గర రమామణి మెరె పక్కకి చేరింది. "ఏం చెప్పారు ఆంటీ?"

"పండుగ శుభాకాంక్షలు. ఆ తర్వాత, నాకు శాలువా కప్పినాయన రాసింది ఇంకా చదవలేదనీ, నేను ఎదురుచూస్తున్నాననీ."

రమామణి పగలబడి నవ్వింది. వెళ్ళి ఆవిడకి ఇంకాస్త పులిహోర తెచ్చి వడ్డించింది.