ఈసీఈలో చేరబోయి ఈసీజీ తీయించుకున్నాను

ఇంజనీరింగు కాలేజీ చూడ్డానికి వెళ్ళి ఆసుపత్రిలో చేరిన మనిషిని మీరెప్పుడైనా చూసేరా? ప్రమాదమేమీ జరగలేదండి. బస్సు గుద్దలేదు, మెట్ల మీంచి జారిపడలేదు. నా కాళ్ళతో నేనే నడిచెళ్ళి, కౌంటరు దగ్గర నిలబడి, "అడ్మిషన్ కావాలండీ" అని అడిగి మరీ చేరేను. పక్కన మా నాన్న కూడా ఉన్నారు. ఆ భాగోతం కాస్త వినండి.

ఎంట్రన్సులో చెప్పుకోదగ్గ ర్యాంకు వచ్చిన కొత్తలో నా కాళ్ళు భూమ్మీద ఆనేవి కావు. అంబాజీపేటలో మా వీధి వీధంతటికీ కాలేజీల సలహాదారు నేనే. ఎలక్ట్రానిక్సు, అందులోనూ ఎంబెడెడ్ సిస్టమ్సు చదువుతానని ఊరంతా టాంటాం వేసేను. అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, "చెప్పినా మీకు అర్థం కాదులెండి" అనేదాన్ని. అర్థం కానిది నాకేనన్న సంగతి నాకూ ఆ దేవుడికీ తెలుసు. ఏదో వీడియోలో విన్నాను, మాట నోటికి బావుంది, అంతే.

నాన్నది కొబ్బరికాయల వ్యాపారం. కాయని చెవి దగ్గర ఊపి, నీళ్ళ చప్పుడు వినందే లారీ ఎక్కించని మనిషి. వెబ్ ఆప్షన్లు పెట్టడానికి మర్నాడే ఆఖరు రోజు. ఫోన్లో చూసి నేనొక కొత్త కాలేజీ ఎంచేసుకున్నాను. అద్దాల మేడ, ముందు ఫౌంటెను, నవ్వుతున్న రోబో. ఇంకేం కావాలి?

"ఊపి చూడకుండా కాయ కొంటామా అమ్మా?" అన్నారు నాన్న.

"కాలేజీని ఎలా ఊపుతారు నాన్నా?"

"ఊపకపోయినా ఓసారి కళ్ళతో చూద్దాం పద."

బండెక్కేం. అమలాపురం దాటి కొంత దూరం వెళ్ళేక ఫోను "మీరు చేరుకున్నారు" అంది. ఏ పక్కనో అది చెప్పేలోగానే నేను కుడి పక్కనున్న అద్దాల మేడ చూసేసేను. ఫౌంటెను ఉంది. బోర్డు మీద 'ఇన్‌స్టిట్యూట్ ఆఫ్' అని ఇంతింత అక్షరాలున్నాయి. మిగతాది చదవాలంటే తల కొంచెం తిప్పాలి. నాకంత తీరికెక్కడిదండీ?

లోపలికెళ్ళగానే నాన్న ముక్కు ఎగబీల్చేరు.

"ఫినాయిలు వాసనొస్తోందేంటమ్మా?"

"ల్యాబులు నాన్నా. కెమికల్సుంటాయి."

"అందరూ తెల్లకోట్లేసుకున్నారు?"

"లెక్చరర్లు మరి లుంగీల్లో వస్తారా?"

"ఆ ముసలాయన్ని కుర్చీలో తోసుకెళ్తున్నారే!"

"చదువుకి వయసుతో పనేముంది నాన్నా!"

కౌంటర్లో ఉన్నావిడ చాలా మర్యాదస్తురాలు.

"అడ్మిషన్ కావాలండీ" అన్నాను.

"ఆయ్. ఎవరికండీ?"

"నాకేనండి. ఈసీఈ."

"ఈసీజీయేనా? ముందదే తీస్తాం లెండి. ఎప్పట్నించండీ ఇలా?"

"టెన్తు నించీనండి."

"అమ్మో! ఇన్నాళ్ళూ ఊరుకున్నారా?" అని ఆవిడ నాన్నకేసి గుర్రుగా చూసింది. నాన్న ఏం తప్పు చేసేరో తెలీకుండానే తలొంచుకున్నారు.

"ఎంబెడెడ్ ఉందాండీ?"

"బెడ్డుకేం లోటండీ, బోలెడు ఖాళీ. జనరలా, స్పెషలా?"

స్పెషలంటే మేనేజిమెంటు సీటు కాబోలనుకుని, "జనరలేనండి" అన్నాను ఛాతీ విరుచుకుని.

"ఎన్నాళ్ళుండాలో డాక్టరుగారు చెప్తారు."

"నాలుగేళ్ళు కదండీ?"

ఆవిడ చేతిలో పెన్ను జారిపోయింది. "బాగా అర్జెంటాండీ?"

"రేపే ఆఖరండీ!"

అంతే. బెల్లు మోగింది. ఇద్దరు మనుషులు చక్రాల కుర్చీతో పరిగెత్తుకొచ్చేరు. కొత్తగా చేరేవాళ్ళకి ఇంత మర్యాదా అని నాన్నకేసి గర్వంగా చూసి, మహారాణిలా కూర్చున్నాను.

పడుకోబెట్టి, చల్లటి జిగురు రాసి, ఒంటికి వైర్లు తగిలిస్తుంటే కూడా, మొదటిరోజే ప్రాక్టికల్సనుకున్నానంటే నా తెలివి ఏ పాటిదో చూసుకోండి. అప్పుడు గోడ మీద గుండె బొమ్మ కనబడింది.

"సిస్టరుగారూ, ఇది కాలేజీ కాదాండీ?"

"ఆసుపత్రమ్మా. కాలేజీ రోడ్డుకి అవతల."

అన్నీ తెలిసినమ్మ ఆసుపత్రిలో చేరిందట! డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వేరు. "మీ అమ్మాయి గుండె భేషుగ్గా ఉందండి" అంటూ నాన్నకేసి తిరిగి, నవ్వు ఆపేసేరు. నాన్న చెమటలు కక్కుతూ గోడ పట్టుకుని నిలబడ్డారు. నాకేదో అయిపోయిందని ఆయన నిజంగానే నమ్మేసేరు మరి.

బీపీ చూసేరు. మళ్ళీ చూసేరు.

"తలనొప్పి వస్తూంటుందా?"

"ఎండలో తిరుగుతాం కదండీ. మామూలేనండి."

"మామూలు కాదండి. ఇలాగే వదిలేస్తే కాలో చెయ్యో పడిపోయేది. ఈ పిల్ల పొరబాటున రాబట్టి సరిపోయింది."

నాకోసం వేసిన పక్క మీద నాన్న పడుకున్నారు. నవ్వుతాలు కథలో ఇదేమిటంటారా? నాకూ అప్పుడు అలాగే ఉందండి. బయట బల్ల మీద కూర్చుని ముక్కు చీదుకుంటూంటే, అక్కడ మెషీన్లు బాగుచెయ్యడానికొచ్చిన కంపెనీ ఇంజనీరు, ఒకావిడ, పిలిచింది. నా కథ అప్పటికే ఆసుపత్రంతా పాకిపోయింది.

"ఎంబెడెడ్ కావాలన్నది నువ్వేనా? ఇలా రా." అద్దంలోంచి నాన్న పక్కనున్న మెషీను చూపించింది. "అది గుండె చప్పుడు పట్టుకుని, లెక్క కట్టి, తేడా వస్తే కూత పెడుతుంది. దాని కడుపులో బుల్లి కంప్యూటరుంది. ఆ ఒక్క పని కోసమే పుట్టింది. ఎంబెడెడ్ అంటే అదే."

నాన్నని కనిపెట్టుకుని ఉన్నది అదన్నమాట! ఊరంతా చాటిన మాటకి అర్థం అప్పుడు తెలిసింది.

"మరి కాలేజీ ఎలా ఎంచుకోవాలక్కా?"

"మేడలు చూడకు. ల్యాబులోకెళ్ళి, ఈమధ్య ఏం కాల్చేరని పిల్లల్ని అడుగు. ఏదీ కాలలేదంటే, ఎవరూ ఏదీ ముట్టుకోలేదన్నమాట." తను చదివిన కాలేజీ పేరు కూడా చెప్పింది.

మధ్యాహ్నానికి బీపీ దిగింది. మాత్రలు రాసి పంపించేరు. ఈసారి బండి నేనే నడిపేను. ఎదుటి కాలేజీ ల్యాబు అద్దంలా మెరిసిపోతోంది, సామానంతా ప్లాస్టిక్ కవర్లలో ఉంది.

"ఏమన్నా కాల్చేరాండీ?" అనడిగితే ఒకబ్బాయి హడలిపోయేడు. "ముట్టుకోనిస్తే కదండీ!"

"మరి ఆ రోబో?"

"ఫొటోల కోసమండి."

అక్క చెప్పిన కాలేజీకి పెచ్చులూడిన గోడలు, కిర్రుమనే ఫ్యాన్లు. ల్యాబులో కమురు కంపు. ఒకమ్మాయి నల్లగా మాడిన సర్క్యూట్ బోర్డొకటి తెచ్చి, పురిటిబిడ్డని చూపించినట్టు చూపించింది. "నిన్ననే కాల్చేనండి!"

నాన్న నా చెవిలో అన్నారు: "కాయలో నీళ్ళున్నాయమ్మా."

సాయంత్రం అదే మొదటి ఆప్షన్ పెట్టేను, సీటొచ్చింది. ఇప్పుడు మూడో ఏడు. కాల్చినవాటికి లెక్క లేదు. నాన్న మాత్రలు మానలేదు, తలనొప్పి మళ్ళీ రాలేదు. ఒక్కటే బాధ. అమ్మాయి ఏం చదువుతోందని ఎవరడిగినా ఆయన ఒకటే మాట.

"ముందు ఆసుపత్రిలో చేర్పించేమండి. హాస్టలు వసతి బాగానే ఉంది గానీ, సూదులు పొడుస్తారని కాలేజీకి మార్చేం!"

అందుచేత, మురమళ్ళ వీరేశ్వరస్వామి సాక్షిగా మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంత పెద్ద మేడలోకెళ్ళినా, ఎంత మర్యాదగా పిలిచినా, "ఇక్కడికొచ్చినవాళ్ళు పాసై బయటికెళ్తారా, నయమై బయటికెళ్తారా అండీ?" అని కనుక్కోందే గడప లోపల కాలు పెట్టను గాక పెట్టను.