తోడుకు వేరే టికెట్టు

సుబ్బరావమ్మ ఎవరినీ తొందరగా నమ్మదు. పెదనందిపాడు దగ్గర మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరే కూలీ ఆమె. ఎర్రటి రాశిలో రంగు పోయిన కాయ కంటబడితే చాలు, పక్కకు లాగేస్తుంది. బస్తా పైన కాయ మరీ నిగనిగలాడితే అడుగున చెయ్యి పెట్టి చూస్తుంది. మనుషులనూ అలాగే చూస్తుంది.

కొడుకు చైతన్యకృష్ణకు చిన్నప్పుడే కండరాల జబ్బు పట్టుకుంది. మొదట కాళ్లు చచ్చుపడ్డాయి. ఇప్పుడు మోచెయ్యి ఎవరైనా ఎత్తి బల్ల మీద పెట్టాలి. పెడితే వేళ్లు ఆడతాయి. ఆ వేళ్లతోనే ఫోనులో ఫుట్‌బాల్ ఆడతాడు. ఊళ్లో అతన్ని ఓడించినవాడు లేడు.

గుంటూరులో ఒక కల్యాణ మండపంలో ఈ ఆటలకు పోటీలు పెడుతున్నారని తెలిసింది. ముక్కూమొహం తెలియని మనిషి ఎదురుగా కూర్చుని ఒక్కసారి ఆడాలన్నాడు చైతన్య. అంతకుముందు అతను తల్లిని ఏదీ అడిగినవాడు కాదు.

ఆడేవాళ్లు కూడా టికెట్టు కొనాలి, అదీ ఫోనులోనే. మేడ మీద టికెట్టు చవక, కాని మెట్లెక్కాలి. కింది హాలుకు దాదాపు రెట్టింపు. చక్రాల కుర్చీ కింది హాలుకే పోగలదు.

"అంటే కాళ్లు లేనోడికి రేటు ఎక్కువా?"

"అట్టా రాయలేదమ్మా."

"రాస్తారంట్రా ఎవరైనా?"

తీరా కట్టబోతే చివర్లో ఇంకొంత పెరిగింది. సౌకర్యం కోసమట.

"ఎవరి సౌకర్యం?" అంది ఆమె.

చైతన్య నవ్వాడు. ఆమె నవ్వలేదు. కూలి డబ్బులు ఒక్క టికెట్టుకే సరిపోయాయి. తోడు వచ్చే మనిషి సంగతి ఎక్కడా రాసి లేదు.

గేటు దగ్గర శ్రీరమ్య అనే అమ్మాయి నిలబడి ఉంది, మెడలో పేరున్న కార్డుతో.

"ఆంటీ, మీ టికెట్?"

"నేను ఆట చూడ్డానికి రాలా. మావాడి చెయ్యి ఎత్తి పెట్టడానికొచ్చా."

"తోడుకు కూడా ఉండాలండి. వికలాంగుల సర్టిఫికెట్ ఉంటే ఫ్రీ. కాకపోతే ఒరిజినల్ ఇక్కడ పెట్టి, వెళ్లేటప్పుడు తీసుకోవాలి."

సుబ్బరావమ్మ సర్టిఫికెట్ ఉన్న సంచి పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. నెల నెలా పింఛను ఆ కాగితం మీదే వస్తోంది.

"ఎందుకు పెట్టాలి?"

"ఫ్రీ అంటే అందరూ అదే చెప్పి దూరుతున్నారండి."

"ఫ్రీ అని ఫోన్లో ఎందుకు చెప్పలా మరి?"

లోపల మైకులో చైతన్య పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు.

"అమ్మా, ఇచ్చెయ్యవే!"

"అయితే నీ మెళ్లో కార్డు ఇటియ్యి," అంది సుబ్బరావమ్మ ఆ అమ్మాయితో.

"అయ్యో, ఇది ఇవ్వకూడదండి."

"ఇదీ ఇయ్యకూడనిదే. కల్లంలో కాయలు ఆరబోసే పట్ట అరువిచ్చినా అవతలోళ్ల వస్తువొకటి మా కాడ ఉండాల. నా కాగితం నీ కాడ, నీ కార్డు నా కాడ."

వెనక వరుస పెరుగుతోంది. ఎవరో ఈల వేశారు. శ్రీరమ్య కార్డు తీసి ఇచ్చి, కాగితం తీసుకుంది.

లోపల సుబ్బరావమ్మ కొడుకు మోచెయ్యి బల్ల మీద సర్దింది. ఆట ఆమెకు అర్థం కాలేదు. తెర చూడకుండా ఎదుటివాడి చేతులే చూస్తూ నిలబడింది.

"బాబూ, బల్ల కదిలించమాక."

"నేను కదల్లేదు ఆంటీ!"

"ఇప్పుడు కదల్లేదులే. ముందే చెప్తున్నా."

చైతన్య ఆ ఆట గెలిచాడు. ఆ తర్వాతిదీ గెలిచాడు. సాయంత్రానికి పెద్ద తెర మీద అతని పేరు మిగిలింది, రేపటి ఆటకు.

శ్రీరమ్య కాగితం తెచ్చి ఇచ్చింది. సుబ్బరావమ్మ దాన్ని దీపానికి ఎదురుగా పట్టి, రెండు పక్కలా చూసి, అప్పుడు కార్డు తిరిగి ఇచ్చింది.

"రేపటికీ ఈ టికెట్టే కదా?"

"ఇది ఇవాళ్టికేనండి."

"గెలిచినోడు కూడా కొనాలా?"

"ఓడినవాళ్లకు రేపటితో పనేముందండీ," అంది శ్రీరమ్య, మెల్లగా.

సుబ్బరావమ్మ కొడుకు వైపు తిరిగింది. ఇన్ని రోజులూ అందరినీ అనుమానించింది, వీణ్ని తప్ప.

"నీకు ముందే తెలుసు కదరా?"

"రెండు రోజులని తెలుసు," అన్నాడు చైతన్య తలెత్తకుండా. "గెలుస్తానని తెలీదమ్మా."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"మేస్త్రీకి ఫోన్ కలుపు. అడ్వాన్సు అడగాల."

అతను కలిపాడు. ఫోను ఆమె చెవిదాకా ఎత్తలేకపోయాడు. ఆమే వంగింది.