ఆఫీసరుగారు తాగిన మా బోరింగు నీళ్ళు

ఆ రోజుల్లో మా ఊళ్ళో చదువు రానివాళ్ళకి ఉన్న గౌరవం ఇప్పుడు చదువుకున్నవాళ్ళకి కూడా లేదు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మా బొటనవేళ్ళను వెతుక్కుంటూ మనుషులు పొలాలకి వచ్చేవాళ్ళు. గ్రామసభకి మమ్మల్ని పిలిచేవాళ్ళు కారు, సభే మా దగ్గరికి వచ్చేది, పంచాయతీ బంట్రోతు చంకలో పుస్తకం రూపంలో. (అతన్ని ఊరంతా 'మైకు' అనేవాళ్ళం. చెవిలో రహస్యం చెప్పినా పక్క బజారుకి వినపడేది.) నేను అప్పటికి కాపురానికి వచ్చి రెండేళ్ళు. అక్షరం ముక్క రాదు. రాదని సిగ్గు కూడా లేదు.

మా బజారుకి మంచినీళ్ళు లేవు. కాలవకట్ట అవతల ఒక రైతు మోటారు ఉండేది. మా అత్త రోజూ అక్కడికి వెళ్ళి బిందె నెత్తిన పెట్టుకుని తెచ్చేది. అప్పటికే ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. నన్ను పంపేది కాదు. "నువ్వు కూలికి పో, మిరపకాయ సీజను నాలుగు నెలలే, నీళ్ళు ఏడాదంతా మొయ్యొచ్చు" అనేది. బజారులో ఒక బోరింగు పడితే ఆవిడ మోకాళ్ళకి విశ్రాంతి. నాకు కావలసింది అంతే.

ఒకరోజు మిరప కల్లంలో ముప్పై మందిమి తాలుకాయలు ఏరుతుంటే మైకు వచ్చాడు. పుస్తకం పెట్టడానికి బల్ల లేక, ఎండిన కాయల రాశి మీదే పరిచాడు. "మీ బజారు బోరింగు కాయితం! తొందరగా వెయ్యండమ్మా వేళ్ళు, ప్రెసిడెంటుగారు అర్జెంటన్నారు!" అని అరిచాడు. బోరింగు కావాలని అర్జీ కాబోలనుకున్నాం. నేనైతే అందరినీ తోసుకుని ముందుకెళ్ళి ఎడమ బొటనవేలు నాకూ, కుడి బొటనవేలు మా అత్తకీ వేశాను. ఇద్దరు అడిగితే త్వరగా పడుతుందని నా తెలివి! అలవాటు కొద్దీ వేళ్ళకంటిన సిరా జుట్టుకి తుడుచుకున్నాను. సిరాతోపాటు కారం కూడా ఎక్కి, చెమటకి కళ్ళలోకి దిగి, సాయంత్రం దాకా ఏడుస్తూనే కాయలేరాను. అత్తకి మాత్రం చెప్పలేదు. బోరింగు పడ్డాక చెప్పి మురిపిద్దామనుకున్నాను.

పది రోజులకి, మా బజారు బోరింగు డబ్బు వచ్చిందనీ, ఖర్చు కూడా అయిపోయిందనీ టీకొట్టు దగ్గర ఎవరో అనగా అత్త విన్నది. ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి మండలాఫీసుకి పోయింది. "వేసిన బోరింగు మాకు కనపడట్లేదు బాబూ, మీకేమన్నా కనపడుతుందేమో వచ్చి చూడండి" అని చెప్పి వచ్చింది. అలా మాట్లాడే మనిషి ఆవిడ. మూడో రోజుకల్లా జీపులో ఆఫీసరు దిగాడు. పంచాయతీ వరండాలో కూర్చుని, "ముందు పుస్తకం, తర్వాత బోరింగు" అన్నాడు. తెరిచి చదివాడు. బోరింగు వేశారట, నీళ్ళు బాగా వస్తున్నాయట, మేమందరం సంతోషించి వేలిముద్రలు వేశామట.

"ఏమ్మా, ఇందులో మీ వేలిముద్ర కూడా ఉంది కదా?" అన్నాడు అత్తతో.

"నేనెక్కడ వేశాను బాబూ?" అని అత్త మెల్లగా నా వైపు తిరిగింది. నేను నేల చూశాను.

ఆఫీసరుకి నాలుక మీద వేలు తడుపుకుని పేజీలు తిప్పే అలవాటు. మా కల్లంలో పొర్లిన పుస్తకం అది. నాలుగో పేజీకి ఆగాడు, ఐదో పేజీకి ముఖం ఎర్రబడింది, ఆరో పేజీకి లేచి నిలబడ్డాడు. "నీళ్ళు! నీళ్ళు!"

ప్రెసిడెంటుగారు మైకు వైపు చూశాడు. మైకు నోరు ఆ ఒక్కరోజే మూతపడింది. అత్త చేతులు కట్టుకుని నింపాదిగా, "తెప్పించండి ప్రెసిడెంటుగారూ, ఆ బోరింగు నీళ్ళే తెప్పించండి" అన్నది. ఎవరూ కదల్లేదు. ఇంకొక్క నిమిషం అలాగే ఉంటే చాలు, అంతా బయటపడేది.

ఆ నిమిషాన్ని పాడు చేసింది నేనే. నోరు మండే బాధ నాకు తెలుసు, పైగా తప్పు చేసిన భయం. ఇంటికి పరుగెత్తి, అత్త ఉదయం మోసుకొచ్చి కుండలో పోసిన నీళ్ళు చెంబు నిండా ముంచి తెచ్చాను. ఆఫీసరు గటగటా తాగి, ఇంకో చెంబు తెప్పించుకుని తాగి, "చల్లగా ఉన్నాయి" అన్నాడు. ప్రెసిడెంటుగారికి అప్పుడు మాట వచ్చింది. "మా బోరింగు నీళ్ళండీ!"

నిజం నా గొంతు దాకా వచ్చింది. అది చెబితే రెండు వేళ్ళ సంగతీ చెప్పాలి. మింగేశాను.

"చూద్దాం పదండి బాబూ" అన్నది అత్త.

"ఇంకా చూసేదేముందమ్మా, తాగాను కదా!" అని ఏదో రాసుకుని, నాలుక బయటపెట్టుకుని జీపెక్కాడు.

అత్త తిడుతుందనుకున్నాను. నేరుగా ఇంటికి నడిచింది. కుండలోకి తొంగి చూసి, "కారానికి మజ్జిగ ఇస్తారే పిచ్చిమొహమా! మజ్జిగ బోరింగులో రాదుగా!" అని బిందె తీసుకుని మళ్ళీ మోటారు దగ్గరికి బయలుదేరింది. నేనే తెస్తానని వెంటపడ్డా ఇవ్వలేదు. మా బజారుకి నిజం బోరింగు పడేనాటికి ఆవిడ లేదు.

నలభై దాటాక సాయంత్రం బడికి వెళ్ళి అక్షరాలు దిద్దాను. ఇప్పుడు గ్రామసభలో పుస్తకం నా దగ్గరికి వస్తే ఒక పట్టాన వదలను. కూడబలుక్కుంటూ మొదటి లైను నుంచి పైకే చదువుతాను. "మామ్మా, భోజనాల వేళయింది, సంతకం పెట్టెయ్యరాదూ" అని కుర్రకారు విసుక్కుంటారు. మొన్న వచ్చిన కొత్త ఆఫీసరు దాహమంటే మజ్జిగ ఇచ్చాను. "మంచినీళ్ళు లేవా మామ్మా?" అన్నాడు. "ఉన్నాయో లేదో పంపు దగ్గరికెళ్ళి చూసిరా నాయనా, ఇది తాగి వెళ్ళు" అన్నాను. మంచి పిల్లాడు, వెళ్ళి చూసొచ్చాడు.

ఆ తర్వాత సంతకం పెట్టాను, ఎగుడుదిగుడు అక్షరాలతో. పెట్టి, బొటనవేలు జుట్టుకి తుడుచుకున్నాను. పెన్నుతో పెట్టిన సంతకానికి వేలికి సిరా ఎక్కడిది? పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను గానీ, కళ్ళు ఎందుకో కాస్త మండాయి.